కోసేసిన తొమ్మిది సెకన్లు

పటాన్‌చెరు
జూన్ 14

మాహిరాకు,

దుఆలు తర్వాత, ముందు తిట్లు. ఫోన్ చేస్తే రెండుసార్లు మధ్యలో పెట్టేశావు. ఎవరిదో పెళ్ళి వీడియో పొద్దుటికల్లా ఇవ్వాలట, ఆపాతో మాట్లాడటానికి తీరిక లేదట. సరే, కాగితమైతే మధ్యలో పెట్టెయ్యలేవు. మా ఫ్యాక్టరీ గేటు వాచ్‌మన్ పెద్దరాములుది మీ పోతిరెడ్డిపల్లే. డ్యూటీ దిగి రోజూ అటే వస్తాడు, ఈ ఉత్తరం ఆయన చేతికి ఇస్తున్నాను. జవాబు కూడా ఆయన చేతికే ఇవ్వు. ఆయనకు ఒక చాయ్ పొయ్యి.

నిన్న మన తౌహీద్ పరీక్షలో తప్పాడు. నువ్వు ముక్కలు కలిపి ఇచ్చిన ఆ ట్రైనింగ్ వీడియో పరీక్షలోనే. నీకు తెలిసిందే అయినా మళ్ళీ చెబుతాను. నువ్వు అక్కడ కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పని ఇక్కడ మనుషుల చేతుల మీదికి ఎలా వస్తుందో నీకు తెలియదు. మా ప్రెస్సు షాపులో రేకు మీద ప్రెస్సు దింపి పెయింటు డబ్బాల మూతలు కొడతారు. అక్కడ మన తౌహీద్‌తో కలిపి చెవులు వినపడనివాళ్ళు ఎనిమిది మంది ఉన్నారు. ప్రెస్సు దిగే ముందు మోగే బెల్లు వాళ్ళకు వినపడదని ఈ ఏడాది మణికట్టుకు కట్టుకునే బ్యాండ్లు తెచ్చారు. బ్యాండు వణికితే చేతులు వెనక్కి తీయాలి. అది అలవాటు కావడానికే ఆ వీడియో. తెర మీద ప్రెస్సు దిగుతుంది, సరిగ్గా అప్పుడే చేతికి బ్యాండు వణుకుతుంది. ముందున్న బల్ల మీద చేతులు పెట్టుకుని నిలబడి, వణకగానే తీయాలి. ఎన్నిసార్లు సరిగ్గా తీశారో కంప్యూటరే లెక్క వేస్తుంది.

నలభైలో మన వాడికి పదకొండు వచ్చాయి. నిన్నగాక మొన్న చేరిన పిల్లలకు ముప్పై ఆరు, ముప్పై ఏడు. కంది ఊరి నుంచి వచ్చే నిషిత అని ఒక అమ్మాయి ఉంది, ఆమెకు ముప్పై ఎనిమిది. తొమ్మిదేళ్ళుగా అదే ప్రెస్సు మీద ఒక్క గోరు కూడా పోగొట్టుకోని నా తమ్ముడు తౌహీద్‌కు పదకొండు! ట్రైనింగ్ చూసే రాజశేఖర్ సార్ వాణ్ణి మిషన్ మీది నుంచి దింపి, తుక్కు ఎత్తే పనికి పంపాడు.

తప్పితే తప్పాడు, నోరు మూసుకుని ఉండాలా వద్దా? తెర వైపు చూపిస్తాడు, మణికట్టు మీద కొట్టుకుంటాడు, తల అడ్డంగా ఊపుతాడు. వీడియోనే తప్పట. అందరూ చూస్తున్నారు. వాడి సైగలు సార్‌కు చెప్పాల్సింది నేను, వాళ్ళకు ట్రైనింగ్ ఇచ్చేది నేను. నాకు తల తీసేసినట్టయింది. ఒంట్లో బాగాలేదు సార్, అందుకే గాబరా పడుతున్నాడు అని చెప్పి బయటికి తీసుకొచ్చాను. అప్పటి నుంచి నా మాట లెక్కచేయడం లేదు.

నీ మీద వాడికి గురి ఎక్కువ. వీడియో సరిగ్గానే ఉంది అని నువ్వు చెప్పు. చెప్పి వాడి మొండితనం దించు.

నస్రీన్ ఆపా


పోతిరెడ్డిపల్లి, సంగారెడ్డి
జూన్ 17

ఆపాకు సలాం,

పెద్దరాములు ఒక చాయ్ కాదు, రెండు తాగాడు. పైగా మా కింద ఉన్న వెల్డింగ్ షాపువాడితో మాట్లాడుతూ గంట కూర్చున్నాడు. నీ ఉత్తరం ఇవ్వడం మాత్రం వెళ్ళేటప్పుడు గుర్తొచ్చింది.

వీడియో సరిగ్గా ఉంది. ఉందో లేదో అని నన్ను అడగడమే నాకు అవమానం. పెళ్ళిళ్ళూ పుట్టినరోజులూ కత్తిరించుకుని బతికే నాకు మొదటిసారి ఒక కంపెనీ పని వచ్చింది. దాన్ని ఎంత జాగ్రత్తగా చేశానో అల్లాకు తెలుసు. నువ్వు నీ పని నాకు నేర్పినట్టు నేనూ నా పని నీకు చెబుతాను, విను. ఆ వీడియో ఆరు ముక్కలు. ఒక్కో ముక్క పక్కన అదే పేరుతో ఒక చిన్న ఫైలు ఉంటుంది. అందులో బొమ్మ ఉండదు, మాట ఉండదు. ఎన్నో సెకనుకు బ్యాండు వణకాలో, ఎంత గట్టిగా వణకాలో ఆ అంకెలు మాత్రమే ఉంటాయి. ఆరు ముక్కల్నీ వరసగా పెట్టి కలిపితే, సాఫ్ట్‌వేర్ ఈ అంకెల ఫైళ్ళను కూడా అదే వరసలో ఒకటిగా కలుపుతుంది. బొమ్మ ఎంత పొడుగో అంకెలూ అంత పొడుగు. ఇందులో తప్పు జరగడానికి సందు లేదు. కలిపాక నేను దాన్ని ముట్టుకోలేదు.

అయినా నాకు కోపం వస్తున్నది దాని గురించి కాదు. భయ్యా ఏది అన్నా తప్పని, సార్ ఏది అంటే అదే ఒప్పని నువ్వు ఎప్పటి నుంచి మొదలుపెట్టావు? ఒంట్లో బాగాలేదని నువ్వెందుకు చెప్పావు? వాడు జ్వరమని సైగ చేశాడా?

నేను వాడికి ఏమీ చెప్పను. మీ ఫ్యాక్టరీ గొడవ మీరే చూసుకోండి.

మాహిరా


పటాన్‌చెరు
జులై 22

మాహిరాకు,

నెల దాటింది. నీకు ఉత్తరం రాయొద్దనే ఒట్టు పెట్టుకున్నాను. ఈ రోజు ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను, ఎందుకంటే నీ తప్పు దొరికింది.

పోయిన గురువారం నిషిత బ్యాండులో బ్యాటరీ అయిపోయింది. ఆ పిల్లకు అది తెలియదు. ప్రెస్సు దిగుతోంది, కళ్ళెదురుగా దిగుతోంది, ఆ పిల్ల రెండు చేతులూ లోపలే పెట్టుకుని నిలబడింది. చేతికి వణుకు రాలేదు కదా, ఇంకా టైము ఉందనుకుంది. పాత ప్రెస్సు అది, చేతులు అడ్డం ఉన్నా ఆగదు. పక్కన తుక్కు ఎత్తుతున్న తౌహీద్ గంప పారేసి ఉరికి, ఆ పిల్లను వెనక నుంచి భుజాలు పట్టి లాగాడు. ఇద్దరూ కింద పడ్డారు. చేతులు దక్కాయి.

దానికి వాడికి బహుమానం ఏమిచ్చారో తెలుసా? మెమో. చెప్పిన చోటు వదిలి మిషన్ దగ్గరికి వెళ్ళినందుకు ఒకటి, ఆడ వర్కర్ మీద చెయ్యి వేసినందుకు ఒకటి. ఆ పిల్ల ఏడుస్తూ సైగ చేస్తూనే ఉంది, ఈయన లేకపోతే నాకు చేతులు లేవు అని. సూపర్‌వైజర్‌కు అదంతా పట్టదు. విచారణ పెట్టారు. ఇంకో తప్పు రాస్తే ఉద్యోగం నుంచే తీసేస్తారట. వాడికి ఆ ప్రెస్సు తప్ప ఇంకో బతుకు తెలియదు. ఇంకో చోట వినపడనివాణ్ణి ఎవరు పెట్టుకుంటారు?

ఆ రోజు సాయంత్రం వాడు నన్ను చెయ్యి పట్టి ట్రైనింగ్ గదికి లాక్కెళ్ళాడు. వీడియో పెట్టించాడు. బ్యాండు నా చేతికి కట్టాడు, తన ఫోన్‌లో స్టాప్‌వాచ్ తెరిచాడు. మొదటి పదకొండుసార్లు ప్రెస్సు దిగినప్పుడు బ్యాండు వణికింది. పన్నెండోసారి దిగింది, వణకలేదు. తొమ్మిది సెకన్ల తర్వాత వణికింది. పదమూడోసారీ అంతే, చివరిదాకా అంతే, తొమ్మిది సెకన్లు ఆలస్యం. వాడికి పదకొండు ఎందుకు వచ్చాయో అర్థమైందా? వాడు తెర మీద ప్రెస్సును చూసి చేతులు తీశాడు. మిగతావాళ్ళు ప్రెస్సును చూడటం మానేసి, బ్యాండు వణికినప్పుడు తీశారు. కళ్ళు ఉన్నవాడు తప్పాడు, కళ్ళు మూసుకున్నవాళ్ళు పాసయ్యారు. ప్రెస్సును చూడొద్దని ఆ పిల్లలకు మనమే నేర్పాం.

కలిపాక ముట్టుకోలేదు అన్నావు కదా. మరి ఆ తొమ్మిది సెకన్లు ఎక్కడికి పోయాయి? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అంత పొడుగు ఉత్తరం రాశావు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. తోబుట్టువు అనే మాట పక్కన పెట్టి అడుగుతున్నాను, ఏం చేశావు?

నస్రీన్


పోతిరెడ్డిపల్లి
జులై 24

ఆపా,

పాత ఫైలు తెరిచి చూశాను. నువ్వు చెప్పింది నిజం. కలపడం అయిపోయాక మూడో ముక్కలో నుంచి తొమ్మిది సెకన్ల బొమ్మ కోశాను. బొమ్మ కోస్తే అంకెల ఫైలు దానంతట అది కోసుకోదు. దాన్ని కూడా అంతే కోసి, వెనక ఉన్నవన్నీ ముందుకు జరపాలి. ఆ రోజు ఆ సంగతి మర్చిపోయాను. బ్యాండు నా దగ్గర లేదు, కట్టుకుని చూసుకునే దారి లేదు.

ముట్టుకోలేదని అబద్ధం చెప్పాను. తప్పే.

కానీ నా అంతట నేను కోయలేదు. చెబితే కోశాను. ఎవరు చెప్పారో నన్ను అడగకు.

సరి చేసిన ఫైలు రేపు పంపుతాను.

మాహిరా


పటాన్‌చెరు
జులై 27

మాహిరాకు,

అడగకుండా ఎలా ఉంటాను? ఇటు నా తమ్ముడు మెడలో మెమో వేసుకుని తిరుగుతుంటే, నువ్వు అటు ఎవణ్ణో కాపాడుతున్నావు. ఎవరు వాడు? రాజశేఖర్ సారేనా? నాకు మొదటి నుంచి ఆయన మీదే అనుమానం. పెద్ద ఆఫీసర్లకు చూపించే ముందు వీడియో పొట్టిగా ఉండాలి, పొట్టిగా ఉండాలి అని ఒకటే పోరేవాడు. పని చేయించుకున్నవాడు ఏసీలో కూర్చున్నాడు, పని చేసిన చెల్లెలు నోరు మూసుకుంది, తన్నులు మాత్రం నోరు లేనివాడికి.

రేపు పెద్ద సార్ దగ్గరికే వెళ్తాను. షాపులో అందరి ముందు అడుగుతాను, ఏ లంగగాని మాటకు ఈ ముక్క కోశారు అని. ఉద్యోగం పోతే పోతుంది. నువ్వు పేరు రాయకపోతే నేనే రాజశేఖర్ సార్ పేరు చెబుతాను.

పేరు రాసి పంపు. నీకు రెండు రోజుల టైము.

నస్రీన్


పోతిరెడ్డిపల్లి
జులై 29

ఆపా,

పెద్ద సార్ దగ్గరికి వెళ్ళకు. పేరు రాస్తున్నాను. నస్రీన్.

రంజాన్ అయిన వారం నువ్వు ఫోన్ చేశావు. వీడియో పూర్తి చేసి ఇచ్చి మూడు రోజులయింది. మీ సూపర్‌వైజర్లకు ఒకసారి వేసి చూపించావట. మూడో ముక్కలో భయ్యా ప్రెస్సు ముందు నిలబడి, చేతులు లోపల ఉంటే ఆపమని చెప్పే సైగ చూపిస్తాడు. సరిగ్గా వచ్చిందా అని కెమెరా వైపు తిరిగి నవ్వుతాడు. నవ్వినప్పుడు వాడి గొంతులోంచి వచ్చే ఆ శబ్దం. అది విని గదిలో అందరూ పగలబడి నవ్వారట. ఒకడైతే అదే శబ్దం చేసి చూపించాడట. ఎల్లుండి పెద్ద ఆఫీసర్లు వస్తున్నారు, వాళ్ళ ముందు కూడా ఇట్లనే అయితే నేను తలెత్తుకోలేను అన్నావు. నీ మాటలే రాస్తున్నాను: 'ఆ అరుపు తీసెయ్ మాహిరా, జల్దీ తీసెయ్. ఎవరికీ చెప్పకు.'

ఎవరికీ చెప్పలేదు. నాలుగు నెలలు నీకే చెప్పలేదు. నువ్వు మర్చిపోయావా, మర్చిపోయినట్టు నటిస్తున్నావా అని ప్రతి ఉత్తరం చదివినప్పుడూ ఆలోచించాను. అందరి మీదా నిప్పులు చెరుగుతావు. ఆ మంట ఎవరు పెట్టారో మాత్రం గుర్తు లేదు నీకు.

ఇప్పుడు చెప్పు షాపులో అందరి ముందు, ఎవరి మాటకు కోశారో.

మాహిరా


పటాన్‌చెరు
ఆగస్టు 9

మాహిరాకు,

పదకొండు రోజులు జవాబు రాయలేదు. పెద్దరాములు రోజూ గేటు దగ్గర అడుగుతున్నాడు, మీ చెల్లెకు చిట్టీ ఏమైనా ఉందా అని. లేదని చెప్పి తేలు కుట్టిన దొంగలా లోపలికి వెళ్ళిపోతున్నాను.

మర్చిపోయినట్టు నటించాను, కానీ మొదటి నుంచి కాదు. మొదటి ఉత్తరం రాసేటప్పుడు గుర్తు లేదు, నిజంగా లేదు. వాడు తొమ్మిది సెకన్లు అని స్టాప్‌వాచ్ చూపించిన రోజు గుర్తొచ్చింది. గుర్తొచ్చాకే నీ మీద అంత గట్టిగా అరిచాను. రాజశేఖర్ సార్ పేరు ఎత్తింది కూడా అందుకే, నువ్వు నా పేరు చెప్పకుండా ఉంటావేమో అని.

ఇంకోటి కూడా చెప్పేస్తాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, అయినా పడనీ. ఆ వీడియోను మొత్తం బ్యాండు కట్టుకుని చూసి, అంతా సరిగ్గా ఉందని సంతకం పెట్టాల్సింది నేను. మూడు నిమిషాలు కట్టుకుని విప్పేశాను. అన్నం టైమయింది. సంతకం పెట్టాను. పరీక్ష రోజు వాడు తెర చూపించి మణికట్టు మీద కొట్టుకుని చెప్పింది నాకు అక్షరం అక్షరం అర్థమైంది. వీడియో తప్పు, ఇక్కడి నుంచి తప్పు, మళ్ళీ వెయ్యండి అన్నాడు. సార్ నన్ను చూసి ఏమంటున్నాడు అని అడిగాడు. ఒంట్లో బాగాలేదంటున్నాడు అన్నాను. నిషిత గొడవ మీద పెట్టిన విచారణలో మళ్ళీ అదే చెప్పాడు. ఈ పిల్లలు మిషన్ చూడటం లేదు, వీడియో అట్ల నేర్పింది అన్నాడు. తప్పు చేశాను, మాఫ్ చేయండి అంటున్నాడు సార్ అన్నాను. సార్ రాసుకున్నాడు. వాడు నా పెదాలనే చూస్తున్నాడు మాహిరా. తన మాటే చెబుతున్నానని అనుకున్నాడు. చివర్లో నాకు సలాం కూడా పెట్టాడు.

నన్ను ఎంత తిట్టినా పడతాను. కానీ ఒక్కటి అడగాలి, అడగకపోతే నాకు నిద్ర పట్టదు. నేను ఆ శబ్దం తీసెయ్యమన్నాను. శబ్దం ఒక్కటే. బొమ్మను ముట్టుకోకుండా శబ్దం ఒక్కటే తీయొచ్చని మా పక్కింటి వంశీ నిన్న తన ఫోన్‌లో చేసి చూపించాడు, అరనిమిషం పట్టలేదు. అలా చేసి ఉంటే ఒక్క సెకను కూడా అటూ ఇటూ అయ్యేది కాదు. నీకు ఆ సంగతి తెలియదా? పదేళ్ళుగా అదే పని చేస్తున్నావు. శబ్దం తీసెయ్యమంటే మనిషినే ఎందుకు తీసేశావు?

నస్రీన్


పోతిరెడ్డిపల్లి
ఆగస్టు 16

ఆపా,

తెలుసు. ఒక్క బటన్ నొక్కితే చాలు.

నొక్కాను కూడా. శబ్దం పోయింది. అప్పుడు బొమ్మ ఒక్కటే మిగిలింది. నోరు అంత పెద్దగా తెరిచి, మెడ నరాలు ఉబ్బి, కళ్ళు మూసుకుని నవ్వుతున్నాడు, ఏమీ వినపడటం లేదు. ఆ శబ్దం లేకపోయినా నాకు వినపడింది. ఆరో తరగతిలో విన్నట్టే వినపడింది.

నీకు అప్పటికే పెళ్ళయి పటాన్‌చెరు వెళ్ళిపోయావు, నీకు తెలియదు. బడి వదిలే టైముకు భయ్యా రోజూ గేటు దగ్గరికి వచ్చేవాడు, నా సంచి మోయడానికి. నేను కనపడగానే అట్లా నవ్వేవాడు. గేటు దగ్గర పిల్లలంతా ఆగి చూసేవాళ్ళు. ఒకరోజు నా పక్కన కూర్చునే కనకమహాలక్ష్మి అడిగింది, ఎవరే ఆయన అని. మా ఇంట్లో పనిచేసేటోడు అని చెప్పాను. మా అన్న అనలేదు. వాడు నా ఎదురుగానే నిలబడి ఉన్నాడు, నా సంచి భుజాన వేసుకుని, మేమిద్దరం ఏదో మంచి మాట అనుకుంటున్నామని మళ్ళీ నవ్వాడు. ఆ తర్వాత నాలుగేళ్ళు ఆ బళ్ళో వాడు మా పనివాడే. నేనెప్పుడూ దిద్దలేదు.

ఆ బొమ్మ చూస్తూ కూర్చోలేకపోయాను ఆపా. కోసేశాను. కోసి, కంప్యూటర్ ఆపి, లేచి వెళ్ళిపోయాను. అంకెల ఫైలు గుర్తు రాకపోవడానికి అదే కారణం. తొందరలో కాదు, అజాగ్రత్తతో కాదు. వాణ్ణి చూడలేక.

నీకు సిగ్గు సూపర్‌వైజర్ల ముందు. నాకు ఎవరి ముందు? గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. నా మీద నాకు ఎంత కోపంగా ఉందంటే, ఈ ఉత్తరం మూడుసార్లు చింపి రాశాను.

కంపెనీకి ఒక కాగితం రాసి దీనితో పెడుతున్నాను. బొమ్మ కోసింది నేనే, అంకెలు కోయనిది నేనే, ఆ తప్పు వీడియోతో జరిగిన పరీక్ష చెల్లదు, ప్రెస్సును చూసి చేతులు తీసినవాడే సరిగ్గా చేశాడు అని రాశాను. ఇక మీద నాకు పని ఇవ్వరు, తెలుసు. నీ పేరు రాయలేదు. రాయాలా వద్దా నువ్వే చూసుకో. ఏమీ కోయని పాత వీడియో పెన్‌డ్రైవ్‌లో ఉంది, వాడి నవ్వుతో సహా.

మాహిరా


పటాన్‌చెరు
సెప్టెంబరు 6

మాహిరాకు,

నీ కాగితం పక్కన నా కాగితం కూడా పెట్టి రాజశేఖర్ సార్‌కు ఇచ్చాను. శబ్దం తీయమన్నది నేనని, చూడకుండా సంతకం పెట్టింది నేనని, రెండుసార్లు తౌహీద్ మాట మార్చి చెప్పింది నేనని రాశాను. సార్ రెండు కాగితాలూ చదివాడు. తర్వాత అడిగాడు, 'నీ తమ్ముడు మొదటి దినం నుంచి గిదే చెప్తున్నడా?' అవునన్నాను. 'నాకెందుకు చెప్పలె మరి?' అన్నాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

మెమోలు రెండూ వెనక్కి తీసుకున్నారు. వేరే చోటి నుంచి సైగలు తెలిసిన మనిషిని పిలిపించి, సరి చేసిన వీడియోతో పరీక్ష మళ్ళీ పెట్టారు, ఈసారి సగంసార్లు బ్యాండు వణకకుండా ఆపేసి, ప్రెస్సును చూస్తున్నారో లేదో తెలియడానికి. తౌహీద్‌కు ముప్పై తొమ్మిది వచ్చాయి. నిషితకు పంతొమ్మిది. వాడు మళ్ళీ ప్రెస్సు ఎక్కాడు, ఆ పిల్లలకు మిషన్ ఎలా చూడాలో వాడే నేర్పుతున్నాడు. నన్ను ట్రైనింగ్ నుంచి తీసి ప్యాకింగ్‌లో వేశారు. అది సరైనదే, దాని గురించి నువ్వు బాధపడకు.

ఇదంతా చెప్పడానికి కాదు ఈ ఉత్తరం.

పోయిన ఆదివారం వాణ్ణి కూర్చోబెట్టి అంతా చెప్పాను. పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టి ఆ తొమ్మిది సెకన్లు చూపించాను. తనను తాను చూసుకుని ముందు సంబరపడ్డాడు. బాగానే ఉంది కదా, ఎందుకు తీశారు అని అడిగాడు. నీ నవ్వు శబ్దం వల్ల అని చెప్పాను.

ఏం శబ్దం అన్నాడు.

మాహిరా, వాడికి తెలియదు. నవ్వితే గొంతు వణుకుతుందని తెలుసు, అంతే. నవ్వితే అందరి నోట్లోంచీ అదే వస్తుందనుకున్నాడు, ఇన్నేళ్ళూ. చిన్నప్పుడు చదివిన బళ్ళో అందరూ వాడిలాంటివాళ్ళే, అక్కడ వింత అనిపించలేదు. బయట మనం ఎవరమూ చెప్పలేదు. వాడు ఎలా ఉంటుంది అని అడిగాడు. దానికి నా దగ్గర సైగ లేదు. వాడు లేచి వచ్చి నా గొంతు మీద చెయ్యి పెట్టాడు. చేసి చూపించు అన్నాడు. వద్దన్నాను. చెయ్యి తీయలేదు. చేశాను. నా నోటితో వాడి నవ్వు నవ్వాను. వాడు చేత్తో దాన్ని పట్టి చూస్తూ, కళ్ళతో నా ముఖం చూస్తున్నాడు. నా ముఖంలో ఏం కనపడిందో నాకు తెలుసు. దాచుకోవడానికి టైము లేకపోయింది.

చెయ్యి తీసేసి అడిగాడు, నీకు ఎప్పటి నుంచి తెలుసు అని. నువ్వు పుట్టినప్పటి నుంచి అన్నాను. మాహిరాకు? తెలుసు. షాపులో వాళ్ళకు? అందరికీ తెలుసు అన్నాను. 'అందరికి తెలుసు, నాకొక్కనికే తెల్వదు' అని వేళ్ళతో ఒక్కొక్కటీ మెల్లగా చెప్పాడు, నాకు అర్థం కాదేమో అన్నట్టు. తర్వాత గోడ వైపు తిరిగాడు.

వారం అవుతోంది. తింటున్నాడు, డ్యూటీకి వెళ్తున్నాడు, వస్తున్నాడు. నా వైపు చూడటం లేదు. వినే మనిషైతే ఎంత కోపంలో ఉన్నా మన మాట చెవిలో పడుతుంది. వీడు చూడకపోతే మాఫ్ చెయ్యి అనే మాట కూడా చేరదు. ఎదురుగా వెళ్ళి నిలబడితే కళ్ళు మూసుకుంటున్నాడు. బడి గేటు దగ్గరి సంగతి నేను చెప్పలేదు. అది నువ్వే చెప్పాలి.

నిన్న క్యాంటీన్‌లో దూరం నుంచి చూశాను. నిషిత ఏదో తమాషాగా సైగ చేసింది. వాడికి నవ్వు వచ్చింది. వెంటనే రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, చుట్టూ చూశాడు.

నాకు ఇక రాయకు. వాడికి రాయి. పెద్ద పెద్ద అక్షరాలతో రాయి, వాడు మెల్లగా చదువుతాడు. పెద్దరాములుతో చెప్పాను, ఉత్తరం నా చేతికి కాదు, వాడి చేతికే ఇమ్మని.

నస్రీన్